ట్రక్కు హబ్ మార్పులు: ఫ్లాంజ్ పనికి మెప్పు, రేసుల పనికి అభ్యంతరం

భారీ ట్రక్కు వెనుక ఇరుసుకు ఉన్న జంట చక్రాల స్థానంలో వెడల్పాటి ఒంటి చక్రాలు బిగించదలచి, రెండు హబ్‌లను (చక్రం బిగించే నడిమి భాగాలను) ఒక లేత్ షాపుకు ఇచ్చాను. ఫ్లాంజ్ (హబ్ మీద చక్రం ఆనే అంచు) ముఖాన్ని తరిణ పట్టడం, చక్రాన్ని పట్టి ఉంచే కొత్త స్టడ్‌లకు రంధ్రాలు వేయడం, నాలుగు బేరింగ్ రేసులనూ (హబ్‌లో బిగుసుకొని ఉండే, రోలర్లు దొర్లే ఉక్కు వలయాలనూ) మార్చడం వారికి అప్పగించిన పనులు. ట్రక్కు సుమారు 6,000 కిలోమీటర్లు తిరిగాక ఈ సమీక్ష రాస్తున్నాను. మొదటి వారంలోనే రాసి ఉంటే ఇందులో పొగడ్త తప్ప మరేమీ ఉండేది కాదు.

ఫ్లాంజ్ పనిలో వంక పెట్టడానికి లేదు. డయల్ గేజ్ ఆనించి హబ్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పితే ముల్లు 0.04 మిల్లీమీటర్లకు మించి కదలలేదు. స్టడ్‌లన్నీ నిటారుగా కూర్చున్నాయి.

లోపం ఎడమ హబ్ లోపల బయటపడింది. జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపినప్పుడు అది చేతికి తెలిసేంతగా ఆడింది. కొలిస్తే ఎండ్ ప్లే (ఇరుసు పొడవునా హబ్ ముందుకూ వెనక్కూ కదిలే సందు) 0.4 మిల్లీమీటర్లు వచ్చింది. ఇలాంటి టేపర్ రోలర్ బేరింగ్‌లకు సాధారణంగా 0.025 నుంచి 0.127 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. హబ్ విప్పి గ్రీజును వేళ్ల మధ్య రుద్దితే నల్లటి జిడ్డులో వెండిలాంటి పొడి మెరిసింది. బయటివైపు బేరింగ్ తాలూకు రేసు సుత్తి దెబ్బ అవసరం లేకుండా చేతితోనే ఊడివచ్చింది. హబ్‌ను అంటిపెట్టుకొని ఉండవలసిన దాని వెనుక తలం అద్దంలా నునుపెక్కి, అక్కడక్కడ ఇటుకరంగు మరకలు పట్టి ఉంది. బిగువు చాలని రేసు బరువు కింద బోరులో (అది కూర్చునే హబ్ రంధ్రంలో) కొద్దికొద్దిగా జరుగుతూ తిరిగినప్పుడు పడే గుర్తులివి.

బోరు గోడను తుడిచి చూస్తే కారణం కనబడింది. పాత రేసు తీసేటప్పుడు బోరు కాస్త పెద్దదైందేమో, కొత్త రేసు వదులుగా ఉందని గోడ నిండా పంచ్‌తో చుక్కలు కొట్టి దానిని బిగించారు. ఇది పనివాళ్లు చాలాచోట్ల చేసేదే, కానీ భారీ వాహనపు హబ్‌లో ఎంతమాత్రం చేయకూడనిది. చుట్టూ తలం మొత్తం మోయవలసిన బరువును ఆ చుక్కల మొనలు మాత్రమే మోస్తాయి. కొద్ది రోజుల్లోనే అవి నలిగి చదునవుతాయి, రేసు మళ్లీ వదులవుతుంది, అది తిరిగిన కొద్దీ బోరు అరుగుతుంది. లోపలివైపు బేరింగ్ రేసుది మరో కథ. దానికీ, అది ఆనుకోవలసిన హబ్ లోపలి మెట్టుకీ మధ్య లేత్ తురుము ముక్క ఒకటి చిక్కుకొని ఉంది. అందువల్ల రేసు ఒక పక్కకు వాలి కూర్చుంది. రోలర్లు నడిచిన దారి ఒకవైపు వెడల్పుగా, దానికి ఎదురువైపు సన్నగా పడింది. రేసు దిగగొట్టాక 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచటి రేకు) ఆ సందులోకి దూరుతుందేమో చూసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

అయితే అరుగుదల మొత్తాన్ని షాపు మీదే వేయడం న్యాయం కాదు. నేను ఎంచుకున్న చక్రాల వల్ల టైరు మధ్యరేఖ 50 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. బరువులో ఎక్కువ భాగం బయటి బేరింగ్ మీదికి వచ్చింది. రోలర్ బేరింగ్ ఆయుష్షు లెక్క ఇక్కడ నిర్దాక్షిణ్యమైనది: భారం 20 శాతం పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది, రెట్టింపైతే పదో వంతే మిగులుతుంది. ఇంత తక్కువ దూరంలో రేసు పాడవడానికి అదే కారణమని నేను అనను, కానీ వదులుగా ఉన్న రేసును అది మరింత త్వరగా జరిపి ఉంటుంది. నావి ఇనుప హబ్‌లు. అల్యూమినియం హబ్‌లు మార్పించుకునేవారు ఇంకా జాగ్రత్తపడాలి. 150 మిల్లీమీటర్ల బోరు 50 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం ఉక్కు కంటే సుమారు 0.08 మిల్లీమీటర్లు ఎక్కువ వ్యాకోచించి, ఆ మేరకు రేసు బిగువును తగ్గిస్తుంది.

హబ్‌ను తీసుకువెళ్లి చూపించగానే షాపువారు వాదించకుండా తప్పు ఒప్పుకొని, బేరింగుల ఖర్చు తిరిగి ఇచ్చారు. అరిగిన బోరులో స్లీవ్ (పలుచటి లోహపు తొడుగు) దిగగొట్టి ఇస్తామన్నారు గానీ, చక్రం మొత్తం ఆధారపడిన చోట నేను దానికి ఒప్పుకోలేదు. కొత్త హబ్ తెచ్చి ఫ్లాంజ్ పని మళ్లీ వారికే ఇచ్చాను. ఈసారి బోరును లోతులో మూడు చోట్ల కొలిపించి, ఆ అంకెలు కాగితం మీద రాయించుకున్నాను. రేసులను, వాటికి జతగా వచ్చిన కోన్‌లను (రోలర్లు ఉన్న లోపలి వలయాలను) నేనే ఎక్కించాను. హబ్‌ను తిప్పుతూ నట్‌ను 271 న్యూటన్ మీటర్ల దాకా బిగించి, ఒక చుట్టు వదిలి, మళ్లీ 68కి బిగించి, కాస్త వెనక్కు తిప్పి లాక్ చేసి ఎండ్ ప్లే కొలిస్తే 0.07 వచ్చింది. అదే షాపులో, అదే రోజు తయారైన కుడి హబ్‌ను కూడా విప్పి చూశాను. దాని బోరు మీద ఒక్క చుక్కా లేదు. రేసుల మీద రోలర్ల దారి చుట్టూ ఒకే వెడల్పున లేత బూడిదరంగులో ఉంది.