ఆరు చక్రాల ట్రాలీ సంచి: తొమ్మిది నెలలు లాగాక

మా ఇంటి నుంచి సరుకుల కొట్టు 700 మీటర్లు. నడిస్తే తొమ్మిది నిమిషాలు. అయినా ఏళ్ల తరబడి కారులోనే వెళ్లొచ్చాం. దూరమని కాదు, తిరిగొచ్చేటప్పటి మోత కోసం. సంచుల పిడులు వేళ్లను కోసేస్తుంటే సగం దారిలోనే దించాల్సి వచ్చేది. రెండు చేతుల్లోనూ సంచులుంటే రోడ్డు దాటేటప్పుడు ఆరేళ్ల బాబు చెయ్యి పట్టుకునేదెలా? నాకు అసలు భయం అదే.

అందుకే మడతపెట్టే ట్రాలీ సంచి కొన్నాను. 40 లీటర్లది, అల్యూమినియం చట్రం. ఒక్కో పక్క మూడేసి చిన్న చక్రాలు ముక్కోణంలా బిగించి ఉంటాయి. మెట్టు తగలగానే ఆ ముక్కోణం మొత్తం తిరిగి, పైనున్న చక్రం మెట్టు మీదికి వస్తుంది. మేముండేది రెండో అంతస్తు. 12 కిలోలు తూచి నింపి లాగి చూశాను. ఎత్తే పని లేదు గానీ తేలికని చెప్పను, ప్రతి మెట్టు దగ్గరా ఒక గట్టి గుంజు గుంజాలి. చదును దారిలో మాత్రం ఒక్క చెయ్యి చాలు. రెండోది బాబు చేతిలో ఉంటుంది.

బరువైనవి అడుగున, ఇరుసుకి దగ్గరగా సర్దండి. మొదటి వారం నేను పైన పెట్టాను, మలుపు తిరగగానే బండి పక్కకి ఒరిగిపోయింది.

పిడి ఎత్తు తగ్గించే వీలు లేదు, ఇది నిజంగా పెద్ద లోటు. పిల్లలు పట్టుకోవాలంటే చేతులు పైకి చాపాలి. చట్రానికి సగం ఎత్తులో ఒక గుడ్డ పట్టీ కట్టాను. ఇప్పుడు పదేళ్ల అమ్మాయి పిడి పట్టుకుంటే బాబు పట్టీ పట్టుకుంటాడు. "అమ్మా, ఎత్తు దారి మొదలైంది, ఇక మాకివ్వు" అని వాళ్లే లాక్కుంటారు. కారులో వెనక సీట్లో కూర్చున్నన్నాళ్లూ దారిలో ఏముందో వాళ్లకి తెలియదు. ఇప్పుడు ఏ గేటు మీద పిల్లి పడుకుంటుందో, ఏ చెట్టు కింద కాలిబాట పగిలిందో నాకు ముందే చెబుతారు.

చిన్న దూరాలకి కారు తీయడం నాకు ఇంకో కారణంతోనూ ఇష్టం లేదు. పెట్రోలు కారు పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ దాదాపు 250–300 డిగ్రీల సెల్సియస్‌కి వేడెక్కితేగానీ సరిగా పనిచేయదు. 700 మీటర్లంటే ఇంజను వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. శుద్ధి కాని ఆ పొగంతా వదిలేది మా పిల్లలు ఆడుకునే వీధిలోనే.

వారానికి మూడుసార్లు వెళ్లొస్తే నాకు 54 నిమిషాల నడక. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందులో మూడో వంతు సరుకులు తెచ్చుకోవడంలోనే దాటిపోతోంది.

ఇక ఇబ్బందులు. చక్రాలు చిన్నవి కావడంతో కంకర మీద ఇరుక్కుంటాయి, గరుకు రాళ్ల మీద బాగా చప్పుడు చేస్తాయి. వాన పడితే కుట్ల గుండా నీళ్లు దిగుతాయి, లోపల ప్లాస్టిక్ కవరు పరుచుకోవాలి. ఏడో నెలలో అడుగు కుట్టు ఊడింది. లావు దారంతో రెండు వరసలు కుట్టాను, తర్వాత కదల్లేదు. కింది అంతస్తులో ఉండేవాళ్లయితే దీని జోలికి పోవద్దు, రెండు పెద్ద చక్రాల రకమే తీసుకోండి. గతుకుల్లో అదే బాగా నడుస్తుంది.

పోయిన నెల నుంచి లైబ్రరీ పుస్తకాలు కూడా ఇందులోనే తెస్తున్నాం. పిల్లల ఎత్తుకి సరిపడే పిడి ఉన్నది దొరికితే రెండోది కూడా కొంటాను.