ఎసిట్రామా, ఎపిక్సబానా?

రెండూ రక్తం గడ్డకట్టకుండా వాడే మందులే. మా నాన్నకి గుండెలో మైట్రల్ మెటల్ వాల్వ్ (లోహపు కవాటం) ఉంది కాబట్టి ఈ రెంటిలో ఎసిట్రామ్ తప్ప దారి లేదు. బాబాయికి వాల్వ్ జబ్బేమీ లేదు, గుండె లయ తప్పుతోందంతే, ఆయనకి ఎపిక్సబాన్ ఇచ్చారు, పొద్దునొకటి రాత్రొకటి.

ఎసిట్రామ్ చవకే గానీ ఐఎన్‌ఆర్ టెస్టు వదలదు, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె అది. చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉంచుతారు, నాన్న లాంటి వాల్వ్‌కి 2.5 నుంచి 3.5. లంకలో ఉండే మాకు అమలాపురం వెళ్లి రక్తం ఇచ్చి రావడానికి పూట పోతుంది, గోదారి పొంగితే అదీ లేదు. తేదీ, ఐఎన్‌ఆర్, మోతాదు అన్నీ పాత క్యాలెండర్ కాగితం మీద రాసి మందుల డబ్బా మూతలో మడిచి పెట్టుకుంటారు నాన్న. ఆషాఢంలో అమ్మ రోజూ మునగాకు వండిందా, అంకె 1.8కి జారింది! ఆకుకూరలు మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకేలా తినాలంతే.

ఎపిక్సబాన్‌కి ఈ గొడవ లేదు, ఐఎన్‌ఆర్‌తో దాన్ని కొలవలేం కూడా. కిడ్నీ, హిమోగ్లోబిన్ అప్పుడప్పుడు చూపించుకోవాలి. ఖరీదెక్కువ. నాకు టెన్షనల్లా బాబాయి మతిమరుపుతోనే, రెండు పూటలు తప్పితే రక్షణ దాదాపు పోయినట్టే.

నడుం నొప్పని డైక్లోఫెనాక్ సూది మాత్రం ఇద్దరికీ వద్దు. విరేచనం తారులా నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికే.