సెలవుల్లో పూలుండవు, పూలప్పుడు సెలవులుండవు

ఉత్తరాఖండ్‌లో ఉన్న పూల లోయకి, అదే వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌కి, నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి పూలు లేవు.

అది 2019 జూన్ మొదటి వారం. పిల్లల బడి తెరిచేలోపు తిరిగొచ్చేయాలని, ఉన్న సెలవుల్లోనే ఇరికించి టికెట్లు చేయించాం. వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ ఏటా జూన్ 1న తెరుస్తారు, తెరిచారంటే పూలున్నట్టే కదా అనుకున్నాం. తీరా వెళ్తే దారికి అడ్డంగా మంచు పలకలు, వాటి కిందనుంచి నీళ్ళ చప్పుడు. పిల్లలు మంచు ముద్దలు చేసి వాళ్ళ నాన్న మీద విసిరి తెగ సంబరపడ్డారు. నేను మాత్రం అప్పుడే తల ఎత్తుతున్న వేలెడంత మొక్కల్ని ఫోటోలు తీసుకుని, ఇంటికొచ్చి అందరికీ "ఇవే పెద్దయ్యాక పూలవుతాయి" అని చూపించాను. మా తోడికోడలు ఇప్పటికీ దెప్పుతుంది.

తప్పు మాదే. ఆ లోయ లెక్క వేరు. మే నెలాఖరు దాకా మంచు కింద ఉంటుంది. జూన్‌లో మంచు కరిగి మొలకలొస్తాయి. మూడో వారం దాటాక ఉత్తరాఖండ్‌కి నైరుతి అందుకుంటుంది. ఆ వానకి నెల తిరిగేసరికి, అంటే జూలై మధ్యనుంచి ఆగస్టు మధ్య దాకా, లోయ నిండా పూలు. సెప్టెంబరుకి గింజ కట్టేసి ఆకులు పండుబారతాయి. ఆకాశం అప్పుడే బాగుంటుందట, కొండ కొసలన్నీ కనిపిస్తాయట. కానీ మనం వెళ్ళేది పూల కోసం కదా. అంటే ఏ వానకి పూలు పూస్తాయో ఆ వానకే దారిలో కొండచరియలు విరిగిపడతాయి. వాన లేని పూల లోయ కావాలంటే కుదరదు. మన వేసవి సెలవులకీ ఆ లోయకీ అసలు పొసగదు.

అందుకే రెండోసారి, 2024 ఆగస్టులో, పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి వెళ్ళాం. నేను, మా ఆయన, ఆయన అక్కయ్య. వదినకి పూల మీద ఆశ లేదు, బదరీనాథ్ మీద ఉంది. లోయ దారి మొదలయ్యే గోవింద్‌ఘాట్ నుంచి బదరీనాథ్ పాతిక కిలోమీటర్లే అని మ్యాపులో చూపిస్తే, "అయితే నీ పూలు నువ్వు చూసుకో, నా స్వామిని నేను చూసుకుంటా" అని ఒప్పుకుంది.

ఈసారి పథకం వేసేటప్పుడు ఒక్క విషయం మీద పట్టుబట్టాను. మామూలుగా ఎనిమిది రోజుల్లో అయిపోయే యాత్రకి పది రోజులు పెట్టాలి, ఆ రెండు రోజులూ ఖాళీగా ఉంచాలి. ఒకటి పైన, లోయకి దగ్గరి ఊరు ఘాంఘరియాలో, ఒకటి తిరుగు దారిలో. మా ఆయన మొదట "ఆ రెండు రోజుల్లో మసూరీ చూసేయొచ్చు" అన్నాడు. హరిద్వార్‌లో మేం కలిసిన ట్రావెల్స్ అతనైతే అయిదు రోజుల్లో మొత్తం తిప్పి తీసుకొస్తానన్నాడు. వాన పడితే ఏం చేస్తావని అడిగితే, "మేడమ్, ఈసారి వానలు తక్కువే" అన్నాడు. అతనికో దండం పెట్టి వేరే బండి చూసుకున్నాం.

దొరికిన డ్రైవరు చమోలీ వైపు కుర్రాడు. మాట తక్కువ. ఋషీకేశ్ నుంచి జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్లు, ఏ అడ్డూ లేకపోతే తొమ్మిది పది గంటలు. దేవప్రయాగ దాటి శ్రీనగర్, అది దాటాక సిరోబగడ్. సిరోబగడ్ పేరు ఆ దారిలో అందరికీ తెలుసు, వానాకాలం ఆ కొండ ఊరికే ఉండదు. అక్కడికి చేరగానే మావాడు పాట ఆపేశాడు, అద్దం పూర్తిగా దించాడు, తల బయటపెట్టి పైకి చూశాడు. ఏం చూస్తున్నావు భయ్యా అంటే, "చూడటం కాదు, వింటున్నా" అన్నాడు. పెద్ద బండ కదిలేముందు చిన్న రాళ్ళు దొర్లుతాయట, ఆ చప్పుడు కోసం. ఆ తర్వాత ప్రతి గండి దగ్గరా అతను అద్దం దించినప్పుడల్లా మేమూ నోరు మూసుకుని కూర్చునేవాళ్ళం. వదిన విష్ణు సహస్రనామం కూడా పెదవుల్లోనే చదువుకుంది.

ఆ దారిలో రాత్రి ప్రయాణం వద్దు. పోలీసులు ఎలాగూ రాత్రిళ్ళు బళ్ళని ఆపేస్తారు. తెల్లవారుజామున బయల్దేరి మధ్యాహ్నం మూడు నాలుగుకల్లా ఎక్కడో ఒకచోట ఆగిపోవడం మంచిది. మేం జోషీమఠ్ దాకా పోకుండా పీపల్‌కోటిలో ఆగాం. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్ళు బీటలిచ్చాక అక్కడ పడుకోవడానికి మనసొప్పలేదు. అది నా భయమే అనుకోండి, అక్కడ హోటళ్ళు నడుస్తూనే ఉన్నాయి. పీపల్‌కోటిలో గదులు మామూలుగా ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళొచ్చాయి, ఆగస్టు కాబట్టి అడిగినదానికి తగ్గించారు కూడా. చార్‌ధామ్ రద్దీ అంతా మే, జూన్‌లోనే. ఆగస్టులో గది దొరకదన్న బెంగ మాకు ఎక్కడా కలగలేదు. ముందే డబ్బు కట్టేసి ఇరుక్కోకండి, ఏ రోజు ఎక్కడుంటారో మీకే తెలియదు. చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ మాత్రం ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చేసుకుని, కాగితం మీద ప్రింటు తీసి పెట్టుకోండి.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా నాలుగు కిలోమీటర్లు, షేరింగ్ జీపులు తిరుగుతాయి. 2013 వరదలకి ముందు ఈ ముక్క కూడా నడకే. పుల్నా నుంచి ఘాంఘరియాకి తొమ్మిది, పది కిలోమీటర్ల ఎక్కుడు. రాళ్ళు పరిచిన దారి, దారి పొడుగునా టీ బడ్డీలు, పక్కన లక్ష్మణగంగ హోరు. అందంగానే ఉంటుంది కానీ ముక్కు మూసుకోవాలి. వందల కొద్దీ గుర్రాలు, కంచరగాడిదలు అదే దారిలో పోతాయి, వాటి పేడ వానకి కలిసి చీలమండల దాకా పేస్టులా ఉంటుంది. ఇరవై రూపాయల పలచటి ప్లాస్టిక్ కోటు కొన్న మా ఆయనది మొదటి కిలోమీటరులోనే చంక దగ్గర చిరిగింది. వీపు మీది బ్యాగుతో సహా కప్పే మందపాటి పాంచో కొనుక్కోండి, గొడుగు గాలికి ఆగదు. బ్యాగులోపల బట్టలన్నీ పాలిథిన్ కవర్లలో కట్టండి. కాటన్ జీన్స్ తడిస్తే అక్కడ మూడు రోజులకీ ఆరవు.

వదిన గుర్రం ఎక్కింది. బుట్టలో కూర్చోబెట్టుకుని వీపున మోసేవాళ్ళూ ఉంటారు, ఎక్కువగా నేపాలీలు. ఆవిడ ఆ మాటే వినదలచుకోలేదు. "మనిషి మీద మనిషి ఎక్కడమేంటమ్మాయ్, నా మోకాళ్ళ పాపం నాదే" అంది. హెలికాప్టర్ కూడా ఉంది కానీ మబ్బు దిగితే ఎగరదు, ఆగస్టులో దాన్ని నమ్ముకుని పథకం వేయకూడదు.

ఘాంఘరియా గురించి గొప్పగా చెప్పలేను. 3,000 మీటర్ల పైన, రెండు కొండల మధ్య ఒకే ఒక సందు. లాడ్జీలు, దాబాలు, గుర్రాలు, తడి. మా లాడ్జిలో దుప్పట్లు మాకన్నా ముందే తడిసి ఉన్నాయి. కరెంటు సాయంత్రం కాసేపు. ఫోన్ ఛార్జింగ్‌కి ఒక్కటే ప్లగ్గు, దానికి ముగ్గురి ఫోన్లు, పవర్ బ్యాంకు. వేడినీళ్ళు బకెట్ వంద. మొదటి రోజు గదిలోకి వచ్చిన బకెట్ సగమే ఉంది, మిగతా సగమేదని అడిగితే మెట్ల మీద ఒలికిపోయిందన్నాడు పిల్లాడు. నిజమే, మెట్లన్నీ తడిగా ఉన్నాయి. నవ్వొచ్చి ఊరుకున్నాను. ప్రభుత్వ టూరిజం సంస్థ గఢ్‌వాల్ మండల్ వాళ్ళ విశ్రాంతి గృహం కూడా ఉంది, దొరికితే అదే తీసుకోండి. తిండి మాత్రం గురుద్వారాలోనే. పప్పు, రొట్టె, ఒకరోజు ఖీరు, స్టీలు గిన్నెలో పొగలు కక్కే టీ. డబ్బడగరు, హుండీలో మనకి తోచింది వేయడమే. మేం తీసుకెళ్ళిన కరివేపాకు కారం ఆ పప్పులో కలుపుకుంటే, పక్కన కూర్చున్న లూధియానా పెద్దాయన చెయ్యి చాపి కాస్త అడిగి తీసుకుని, దగ్గి, మళ్ళీ అడిగాడు.

మొదటి రోజు లోయ మాకు కనపడలేదు. ఊరు దాటాక దారి చీలుతుంది, కుడివైపు సిక్కుల గురుద్వారా ఉన్న హేమ్‌కుండ్, ఎడమవైపు లోయ. అటవీ శాఖ వాళ్ళ గేటు దగ్గర టికెట్ తీసుకుని, భోజపత్ర చెట్ల మధ్యనుంచి దిగి, పుష్పవతి నది మీద వంతెన దాటి, మళ్ళీ నిలువుగా ఎక్కి లోపలికి వెళ్ళేసరికి మబ్బు నేల మీద కూర్చుంది. అయిదడుగుల అవతల ఏముందో తెలియదు. పూలు కాళ్ళ దగ్గరే తగులుతున్నాయి తప్ప లోయ లేదు. అయిదు గంటలకల్లా బయటికి వచ్చేయాలి, లోపల గుడారాలు వేయనివ్వరు, తిండి దొరకదు. తడిసి ముద్దయి తిరిగొచ్చాం. మాతో పాటు వచ్చిన బెంగుళూరు జట్టుకి మర్నాడు దిగిపోయే బస్సు ఉంది. వాళ్ళ పూల లోయ ఆ మబ్బే.

మా ఖాళీ రోజు అక్కరకొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఏడింటికి గేటు తెరిచేసరికి నిలబడ్డాం. తొమ్మిది ప్రాంతంలో మబ్బు చీలింది. ముందు అవతలి కొండ మీద మంచు గీత, తర్వాత జలపాతాలు, చివరికి కింద లోయ. గులాబి రంగు బాల్సమ్ మొక్కలు నా భుజం దాకా ఉన్నాయి, వాటి మధ్య దారి కనిపించడం లేదు, చేతులతో తప్పిస్తూ నడిచాం. వాటి కింద నీలం జెరేనియంలు, పసుపు పొటెంటిల్లా, పడగ విప్పిన పాములా ఉండే కోబ్రా లిల్లీ. వంగి చూస్తే ప్రతి రేకు చివరా ఒక నీటి బొట్టు, బొట్టులో తలకిందులుగా కొండ. ఒక చోట అటవీ శాఖ మనుషులు పాలీగోనమ్ అనే మొక్కని పీకుతున్నారు. అది మిగతావాటిని బతకనివ్వకుండా కమ్మేస్తుందట. మన పొలాల్లో వయ్యారిభామ లాంటిదన్నమాట. ఇంకా లోపలికి వెళ్తే ఒక సమాధి ఉంది. 1939లో మొక్కలు సేకరించడానికి వచ్చి జారిపడి చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్‌ది. కమెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు ఈ లోయలోకి దిగాకే బయటి ప్రపంచానికి దీని పేరు తెలిసింది. గొర్రెల కాపర్లకి అంతకుముందూ తెలుసు.

లోయలోకి గుర్రాలు రావు. వదిన ఆ రోజు కర్ర పట్టుకుని వంతెన దాకా నడిచి, అక్కడే బండ మీద కూర్చుంది. మేం వచ్చేసరికి ఎవరో గుజరాతీ ఆవిడతో హిందీలో కోడళ్ళ గురించి మాట్లాడుతోంది.

హేమ్‌కుండ్ గురించి రెండే మాటలు. 4,000 మీటర్లు దాటుతుంది, ఒక్క రోజులో పైకెళ్ళి దిగాల్సిందే, పైన బస లేదు. మధ్యాహ్నానికల్లా కిందికి పంపేస్తారు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా ఎక్కొద్దు. బ్రహ్మకమలాలు చూడాలంటే మాత్రం లోయలో కాదు, ఈ దారిలో పైభాగాన, రాళ్ళ మధ్య. ఆగస్టులో అవి విచ్చుకుని ఉంటాయి. మన పెరట్లో రాత్రి పూసే బ్రహ్మకమలం అసలు వేరే మొక్క, అది ఒకరకం కాక్టస్.

బదరీనాథ్‌లో వదిన కోరిక తీరింది. మేలో గంటల కొద్దీ క్యూ ఉండేచోట మాకు అరగంటలో దర్శనమైంది. తప్తకుండం వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి వెచ్చబడ్డాం.

తిరుగు దారిలో పీపల్‌కోటి చేరడానికి కాస్త ముందే పాగల్ నాలా దగ్గర రోడ్డు మీదికి బురద దిగింది. ముందు నలభై బళ్ళు, వెనక ఎన్నో తెలియదు. జేసీబీ ఒకటే. ఆ సాయంత్రం తెరవలేదు, వెనక్కి తిరిగి జోషీమఠ్‌లోనే పడుకున్నాం, నేను ఏ ఊళ్ళో పడుకోనన్నానో ఆ ఊళ్ళోనే. మర్నాడు పొద్దున్న మళ్ళీ వరసలో నిలబడ్డాం. మా పక్క బండిలో అనంతపురం వాళ్ళు, ఆ రాత్రికే హరిద్వార్‌లో వాళ్ళ రైలు. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. మా రైలు మర్నాటికి. వదిన ఆ పిల్లలకి బిస్కెట్లు, మా ఆయన వాళ్ళ నాన్నకి తత్కాల్ గురించి సలహాలు ఇచ్చారు.

మూడున్నరకి జేసీబీ పక్కకి జరిగింది. పోలీసు ఈల వేశాడు. మావాడు పాట ఆపి, అద్దం దించి, తల బయటపెట్టి కాసేపు విన్నాడు. ఫస్ట్ గేరు వేశాడు.