ఆసుపత్రి సర్వర్లకు ఎన్‌ఎఫ్‌ఎస్, ఐస్కజీ: ఏళ్లుగా రెండూ వాడాక నా మాట

హనుమకొండలో మేం చూసుకునే ఆసుపత్రిలో ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టులకు (వీఎంలు, అంటే వర్చువల్ సర్వర్లు, నడిపే వీఎంవేర్ మెషీన్లు) ఒకే స్టోరేజ్ బాక్స్ నుంచి ఐస్కజీ, ఎన్‌ఎఫ్‌ఎస్ రెండూ ఇచ్చాం. రెండూ నెట్‌వర్క్ మీద స్టోరేజ్ ఇచ్చే పద్ధతులే: ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైళ్లుగా ఇస్తుంది, ఐస్కజీ ఉత్త డిస్కులా బ్లాకులుగా ఇస్తుంది. ఏది స్పీడ్ అని అందరూ అడుగుతారు. మా లోడ్‌కు ఆ తేడా కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు ఎప్పుడూ తెలియలేదు. పడిపోయిన వీఎంను లేపాల్సి వచ్చినప్పుడు మాత్రం బాగా తెలిసింది.

ఒకసారి ల్యాబ్ అప్లికేషన్ సర్వర్ అప్‌డేట్ తర్వాత బూట్ కాలేదు. బయట ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్లు రిపోర్టుల కోసం ఎదురుచూస్తున్నారు. ఆ వీఎం ఎన్‌ఎఫ్‌ఎస్ మీద ఉంది. స్టోరేజ్ ముందురాత్రి తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటాను ఉన్నదున్నట్టు పట్టి ఉంచింది) ఫోల్డర్ తెరిచి, దాని డిస్క్ ఫైళ్లు మాత్రం కాపీ చేసి లేపాం. డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉంది కాబట్టి రిపోర్టులేవీ పోలేదు. అదే ఐస్కజీ అయితే స్టోరేజ్‌కు కనిపించేవి బ్లాకులే. ఏ వీఎం ఎక్కడుందో హోస్టు ఆ బ్లాకుల మీద రాసుకున్న వీఎంఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌కే తెలుసు. స్నాప్‌షాట్‌ను క్లోన్ చేసి, కొత్త లన్‌గా (హోస్టుకు ఒక డిస్కులా కనిపించే స్టోరేజ్ ముక్క) హోస్టుకు చూపించి, పాతదానితో కలవకుండా కొత్త సిగ్నేచర్ (గుర్తింపు) వేయించి, ఆ తర్వాత ఫైళ్లు తీసుకోవాలి. జనం నిలబడి ఉన్నప్పుడు అదంతా పెద్ద టెన్షన్.

ఖాళీ జాగా విషయమూ అంతే. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో వీఎం తీసేస్తే, పాత స్నాప్‌షాట్లు పట్టుకుని లేకపోతే, ఆ జాగా స్టోరేజ్‌లో వెంటనే ఖాళీ అవుతుంది. ఐస్కజీ థిన్ లన్‌లో (వాడినకొద్దీ జాగా తీసుకునేది) అన్‌మ్యాప్, అంటే ఈ బ్లాకులు ఇక అక్కర్లేదని హోస్టు స్టోరేజ్‌కు చెప్పడం, జరిగేదాకా నిండినట్టే ఉంటుంది. 2016లో వీఎంవేర్ వీస్ఫియర్ 6.5తో వచ్చిన వీఎంఎఫ్‌ఎస్-6 ఆ పని దానంతట అదే చేస్తుంది గానీ, నెమ్మదిగా.

అయినా బిల్లింగ్ డేటాబేస్‌ను ఐస్కజీ మీదే ఉంచాం, అక్కడి నుంచి కదపను. రెండు స్విచ్‌ల మీదుగా రెండు దారులు, రౌండ్ రాబిన్ (రెండిటినీ వంతులవారీగా వాడడం). ఒక స్విచ్ పోయినా బిల్లింగ్ ఆగలేదు. ఎన్‌ఎఫ్‌ఎస్-3లో మామూలుగా ఒక డేటాస్టోర్‌కు (వీఎంలు ఉంచే చోటు) ఒక హోస్టు నుంచి డేటా నడిచేది ఒకే టీసీపీ కనెక్షన్ మీద. కేబుళ్లు కలిపి కట్టినా దాని స్పీడ్ రెట్టింపు కాదు.

జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ నడిచే స్టోరేజ్ బాక్స్ మీద ఎన్‌ఎఫ్‌ఎస్ పెట్టేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్తాను. ఈఎస్‌ఎక్స్‌ఐ ప్రతి రైట్‌నూ సింక్‌గా, అంటే డేటా భద్రంగా రాశాకే అయిందని చెప్పాలని, అడుగుతుంది, అందుకే నెమ్మదిగా అనిపిస్తుంది. సింక్ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. దయచేసి ఆపకండి. మే నెలలో కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, రాశామని చెప్పిన డేటా డిస్కు మీద ఉండదు. కరెంటు పోయినా డేటా నిలుపుకునే మంచి ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని, జడ్‌ఎఫ్‌ఎస్ సింక్ రైట్లను ముందుగా రాసుకునే లాగ్ కోసం పెట్టండి.