కోనసీమ వానల్లో డబ్ల్యూపీసీ డెక్: శుభ్రత, నిర్వహణ ఎలా ఉన్నాయంటే

రాజోలు ప్రాంతంలో, వశిష్ఠ గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న మా ఇంటి ముందు టేకు చెక్క బదులు డబ్ల్యూపీసీ (వుడ్ ప్లాస్టిక్ కాంపోజిట్, అంటే కలప పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలతో డెక్, అంటే పలకలు పరచిన అరుగు, వేయించుకున్నాము. కొన్ని వానాకాలాలు గడిచాయి కనుక, దాన్ని శుభ్రంగా ఉంచడానికి ఎంత శ్రమ పడుతుందో, ఎక్కడ జాగ్రత్త అవసరమో ఇప్పుడు నమ్మకంగా రాయగలను. వస్తువు మంచిదే. అయితే దుకాణాలలో చెప్పే ‘మెయింటెనెన్స్ అక్కర్లేదు’ అన్న మాటను ఏటా వార్నిష్ వేయనక్కర్లేదు, చెద భయం ఉండదు అన్నంతవరకే తీసుకోవాలి. కడగకుండా వదిలేస్తే ఒక్క వానాకాలంలోనే కాలు జారేంత పాకుడు పడుతుంది.

ఈ పలకలలో సాధారణంగా సగం, అంతకంటే కొంచెం ఎక్కువగా కలప పొడి ఉంటుంది. మిగిలినది పాలిథిలీన్ లేదా పీవీసీ వంటి ప్లాస్టిక్, కొద్దిగా రంగు. పైన ప్లాస్టిక్ పొర తొడిగిన రకాన్ని క్యాప్డ్ అంటారు. మా ముందు వైపు డెక్ ఆ రకమే, పెరటి మెట్లకు మాత్రం పొర లేని పలకలు వేశారు. తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తోంది. మెట్ల పలకల నుంచి తొలి వానలకు టీ డికాక్షన్ రంగు నీరు కారింది. అది కలపలోని సహజ రంగు, కొన్ని వానలకు దానంతట అదే ఆగిపోయింది. ఆ తరువాత రంగు కొంత వెలిసి నిలకడకు వచ్చింది కానీ, నల్లటి బూజు చుక్కలు మాత్రం ప్రతి ముసురులోనూ తిరిగి వస్తున్నాయి. ముందు వైపు అవే చుక్కలు పడినా, అక్కడ అవి పొర మీద పేరుకున్న దుమ్ము, పుప్పొడి ఆధారంగానే పెరుగుతాయి కనుక సబ్బు నీటికే పోతున్నాయి.

నిజమైన పని పలకల మీద కాదు, పలకల మధ్య సందులలో ఉంది. వాన నీరు కిందికి దిగడానికి, ఎండకు పలక సాగడానికి వదిలే ఆ అయిదారు మిల్లీమీటర్ల చోటు కొబ్బరి చెట్ల కింద ఎంతోకాలం ఖాళీగా ఉండదు. పూత రాలుతుంది, పిందెలు రాలుతాయి, మట్టల దగ్గరి పీచు గాలికి విడిపోయి వచ్చి సందులో ఇరుక్కుంటుంది. దాని మీద దుమ్ము చేరి తడిస్తే దట్టమైన ఒత్తులా తయారై నీటిని పట్టి ఉంచుతుంది. పలక అంచున పాకుడు మొదలయ్యేది అక్కడే. ఇనుప చువ్వతో గీకితే పై పొర చీరుకుపోతుంది కనుక, సన్నగా చెక్కిన వెదురు బద్దను సందులో పెట్టి ఒక కొస నుంచి మరో కొసకు లాగుతున్నాము. తొలకరికి ముందు ఒకసారి, అక్టోబరు, నవంబరు తుపాను వానలు వెనకబట్టాక మరోసారి ఈ పని తప్పనిసరి. రోజువారీ ఊడవడానికి మామూలు ఈనెల చీపురు చాలు.

కడగడానికి గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపిన గోరువెచ్చని నీరు, మెత్తటి బ్రష్ సరిపోతాయి. పలక గీతల వెంబడే రుద్దాలి. సబ్బు నీరు ఆరకముందే ధారాళంగా మంచి నీటితో కడిగేయాలి, లేకపోతే మురికి మళ్లీ అక్కడే పొరలా నిలుస్తుంది. సముద్రానికి దగ్గరి గ్రామాలలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది కనుక చివరి కడుగుడుకు కుళాయి నీరో, పట్టి ఉంచిన వాన నీరో వాడడం మేలు. బోరు నీరు ఆరితే ముదురు రంగు పలకల మీద తెల్లటి చారలు మిగులుతాయి. వరదల తరువాత ఊరంతా చల్లే బ్లీచింగ్ పౌడర్‌ను పొర లేని పలకల మీద పడనీయకండి, రంగు మచ్చలుగా తేలిపోతుంది. మొండి బూజుకు సోడియం పెర్కార్బొనేట్ (క్లోరిన్ లేని ఆక్సిజన్ బ్లీచ్) పొడి కలిపిన నీరు మెరుగ్గా పనిచేసింది. బాత్రూము యాసిడ్ అసలే వద్దు, అది పలకలను ఫ్రేముకు పట్టి ఉంచే స్టీలు క్లిప్పులను తినేస్తుంది. ప్రెషర్ వాషర్ వాడేవారు నీటి పీడనం 100 బార్ దాటకుండా, విసనకర్రలా విచ్చుకునే ధారతో, కనీసం ఒక అడుగు దూరం నుంచి కొట్టాలి.

కార్తీక మాసంలో దీపాలు నేరుగా పలకల మీద పెట్టకూడదు. ఇందులోని ప్లాస్టిక్ వేడికి మెత్తబడి గుంట పడుతుంది, ఆ గుంట ఇక పూడదు. ప్రమిద కింద ఇత్తడి పళ్లెం ఉంచితే నూనె కూడా కిందికి దిగదు. నూనె ఒలికితే అదే రోజు సబ్బు నీటితో తుడవాలి, ఆలస్యమైతే పొర లేని పలక పీల్చేసుకుంటుంది. పసుపు మరక గురించి కంగారు అక్కర్లేదు, ఎండకు అదే పోతుంది. ఇనుప కుర్చీల తుప్పు మరకకు ఆక్సాలిక్ ఆమ్లం పలుచగా కలిపి, చేతి తొడుగులతో రాయాలి.

మాకు కలిగిన అసంతృప్తి అంతా బిగింపు పనితోనే. పని చేసినవారు కింది ఫ్రేమును గాలి ఆడే చోటు లేకుండా నేలకు ఆనించి వేశారు, మామూలు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) స్క్రూలు వాడారు. వానాకాలం తిరిగేసరికి కింద నీరు నిలిచి వాసన వచ్చింది, ఉప్పు గాలికి స్క్రూలు తుప్పు పట్టి పలకల మీదికి ఎర్రటి నీరు దిగింది. ఫ్రేమును పైకెత్తించి, నేలకు వాలు ఇప్పించి, ఉప్పు గాలిని బాగా తట్టుకునే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులు మార్పించుకున్నాక ఆ బాధ తీరింది. అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాలవారు క్లిప్పుల విషయంలో అసలు రాజీ పడవద్దు.

కొనేవారు పలక కోసిన కొసను చేతిలోకి తీసుకుని చూడాలి: ప్లాస్టిక్ పొర నాలుగు వైపులా ఉందా, పైన, పక్కల మాత్రమే ఉందా అన్నది అక్కడే కనిపిస్తుంది. మన తేమకు నాలుగు వైపులా ఉన్నదే తగినది. మే నెల ఎండలో ముదురు గోధుమ రంగు మీద వట్టి కాళ్లతో నిలబడలేము కనుక లేత రంగు ఎంచుకోవడం మంచిది. తయారీ విడతను బట్టి రంగులో తేడా వస్తుంది. అదే విడతలోవి రెండు మూడు పలకలు అదనంగా తీసుకుని, నీడలో సమంగా పరచి దాచుకుంటే రేపు ఒక పలక మార్చవలసి వచ్చినా అతుకు వేసినట్టు కనిపించదు.