మాస్టడాన్ చాలాకాలం వాడాక: ఎవరికి కలిసొస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతుంది

ఎక్స్ (పాత ట్విట్టర్) మీదో ఫేస్‌బుక్ మీదో విసుగు పుట్టి మాస్టడాన్‌కి, అంటే ట్విట్టర్ లాంటిదే అయినా ఒక్క కంపెనీ చేతిలో లేని సోషల్ మీడియాకి, వెళ్లాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే తేల్చి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఒంటరిగా వెళ్తే రెండు వారాల్లో తిరిగొచ్చేస్తారు. రోజూ మాట్లాడుకునే పదిమందితో కలిసి వెళ్తే ఉండిపోతారు. సాఫ్ట్‌వేర్ గట్టిదే, తెలుగు రాతకు ఎక్స్ కంటే అనువుగానూ ఉంది. కానీ హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఎక్స్‌తో పడే పనులన్నీ దీంతో తీరవు.

జనం మారడానికి పైకి కనిపించే కారణం ఎప్పుడూ కోపమే. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసినప్పుడు మన దేశం నుంచి చాలామంది ఒక్కసారిగా మాస్టడాన్‌లో చేరారు. 2022 అక్టోబర్ చివర్లో ఇలాన్ మస్క్ ట్విట్టర్‌ని కొన్నప్పుడు ప్రపంచమంతటా అదే జరిగింది. 2023 జనవరిలో ట్విట్టర్ చదవడానికి బయటివాళ్లు చేసిన యాప్‌లను ఆపేశారు, జులైలో రోజుకు ఇన్ని పోస్టులే చదవాలని పరిమితి పెట్టారు. అదే ఏడాది చర్చావేదిక రెడిట్ తన ఏపీఐకి (బయటి యాప్‌లు దాని సమాచారం తీసుకునే దారికి) ధర కట్టి, జూన్ నెలాఖరుకు అపోలో లాంటి యాప్‌లు మూతపడేలా చేస్తే, రెడిట్ లాంటిదే అయినా ఒక్క కంపెనీది కాని లెమ్మీ సర్వర్లకు తాకిడి పెరిగింది. అలా వచ్చినవాళ్లలో చాలామంది వచ్చినంత వేగంగానే వెళ్లిపోయారు. కోపం చల్లారాక అక్కడ ఉండటానికి వాళ్లకు ఇంకో కారణం దొరకలేదు.

ఉండిపోయినవాళ్ల కారణం వేరు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పాఠకులు ఒక్క కంపెనీ చేతిలో ఉండటం వాళ్లకు మింగుడుపడలేదు. తెలుగువాళ్లకు ఈ దెబ్బ కొత్త కాదు. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. తెలుగుకు పెద్దపీట వేసిన మన దేశపు సోషల్ మీడియా ‘కూ’ కూడా 2024 జులైలో ఆగిపోయింది. మూడుచోట్లా జరిగింది ఒకటే: రాసినవాళ్లు ఒక దారిన, చదివేవాళ్లు ఒక దారిన చెదిరిపోయారు. ఫాలోయర్లను ఇంకోచోటికి తీసుకెళ్లే దారి ఏదీ లేదు. మాస్టడాన్‌లో ఆ దారి ఉంది. ఇన్నాళ్లు వాడాక దీనికి మార్కులు వేసేది ప్రధానంగా ఆ ఒక్కదానికే.

పనిచేసే తీరు క్లుప్తంగా: 2016లో జర్మనీలో ఆయ్‌గెన్ రోఖ్కో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది. దీని సర్వర్‌ని (ఖాతాలుండే కంప్యూటర్‌ని) ఎవరైనా పెట్టి నడపొచ్చు, మిగతావాళ్లు వాటిలో నచ్చినదాంట్లో ఖాతా తెరుస్తారు. సర్వర్లన్నీ 2018 జనవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఆమోదించిన యాక్టివిటీపబ్ భాషలో మాట్లాడుకుంటాయి. అందుకే మీ చిరునామాలో పేరుతోపాటు సర్వర్ పేరూ ఉంటుంది. ఏ సర్వర్‌లో ఉన్నా మిగతా సర్వర్లవాళ్లను ఫాలో కావచ్చు.

తెలుగులో రాసేవాళ్లకు మొదట తెలిసొచ్చే తేడా చోటు. డబ్బు కట్టని ఎక్స్ ఖాతాకు 280 అక్షరాలే. అందులోనూ గుణింతం గుర్తునీ పొల్లునీ విడివిడిగా లెక్కేస్తుంది. ‘హైదరాబాద్’ కంటికి ఐదు అక్షరాలు, ఎక్స్ లెక్కలో తొమ్మిది. ఒత్తులు ఎక్కువున్న వాక్యాలైతే చోటు త్వరగా అయిపోతుంది. మాస్టడాన్‌లో మామూలు పరిమితి 500, కొన్ని సర్వర్లు ఇంకా పెంచుకుంటాయి. లింక్ ఎంత పొడవున్నా 23 అక్షరాల కిందే లెక్క. ఒక పోస్టులో ఒక పేరా పూర్తిగా పడుతుంది కాబట్టి మాట తుంచి రాయాల్సిన పని తగ్గుతుంది. బొమ్మలకు వర్ణన రాసే చోట 1,500 అక్షరాలు ఇస్తారు. కంటిచూపు లేనివాళ్ల కోసం దాన్ని నింపడం అక్కడ మర్యాదగా చూస్తారు. తెలుగులో నింపితే మనవాళ్లకు పనికొస్తుంది.

అందరూ వదిలేసే సెట్టింగ్ ఒకటుంది. పోస్టు రాసే పెట్టె దగ్గర భాష గుర్తు ఇంగ్లిష్‌లోనే ఉండిపోతుంది. అలా తెలుగులో రాస్తే ఆ పోస్టు ఇంగ్లిష్ పోస్టుగానే ఊరేగుతుంది. పబ్లిక్ టైమ్‌లైన్‌లో తెలుగు మాత్రమే కావాలని వడపోత పెట్టుకున్నవాళ్లకు అది కనబడదు, అనువాదం బటన్ సరిగా రాదు, స్క్రీన్ రీడర్ తెలుగుని ఇంగ్లిష్ గొంతుతో చదవబోతుంది. ప్రిఫరెన్సెస్‌లో పోస్టింగ్ లాంగ్వేజ్‌ని ఒక్కసారి తెలుగుకి మార్చేస్తే సరి.

ఇక హ్యాష్‌ట్యాగులు. ఇక్కడ మీ రాతను తనంతట తాను పదిమందికీ చూపించే అల్గారిథం లేదు. ఫాలో అయినవాళ్లు రాసింది వరసగా, రాసిన సమయం ప్రకారం వస్తుంది, అంతే. కొత్తవాళ్లు మిమ్మల్ని కనుక్కోవాలంటే ట్యాగే దిక్కు. 4.0 వెర్షన్ నుంచి మనిషిని ఫాలో అయినట్టే ట్యాగుని ఫాలో కావచ్చు. చిక్కు మన వర్ణక్రమంతో వస్తుంది: హైదరాబాద్, హైదరాబాదు, హైద్రాబాద్ మూడూ మూడు వేర్వేరు ట్యాగులు. మీ బృందంలో ఏది రాయాలో ముందే అనుకుని, ఇంగ్లిష్ లిపి ట్యాగుని కూడా పక్కనే పెట్టండి. ‘ఫేవరెట్’ నొక్కితే రాసినవాళ్లకు నోటిఫికేషన్ వెళ్తుంది గానీ పోస్టు ఇంకొకరికి చేరదు. చేరాలంటే ‘బూస్ట్’ నొక్కాలి. ఫేస్‌బుక్ అలవాటుతో లైకులు మాత్రమే కొట్టే బృందంలో అందరూ ఉన్నా చప్పుడుండదు. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడెవరూ లేరని వెళ్లిపోవడానికి సగం కారణం ఇదే.

సర్వర్ ఎంచుకోవడంలో తొందరపడొద్దు. సర్వర్ గురించి చెప్పే ‘అబౌట్’ పేజీలో నిబంధనలేంటి, నడిపేది ఎవరు, ఏయే సర్వర్లతో సంబంధం తెంచుకున్నారు, డబ్బు ఎక్కడినుంచి వస్తోంది అన్నవి చూడాలి. మాస్టడాన్ అధికారిక జాబితాలో చేరే సర్వర్లు కొన్ని మాటలకు కట్టుబడాలి: రోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసరానికి కనీసం ఇంకో మనిషి చేతిలో తాళాలుండాలి, మూసేసేముందు మూడు నెలల గడువివ్వాలి. ఆ జాబితాలోంచి ఎంచుకోవడం మంచిది. పెద్ద పేరు ఉంటే చాలనుకోకండి. మొజిల్లా లాంటి సంస్థ నడిపిన సర్వరే 2024 డిసెంబర్‌లో మూతపడింది. అయితే కూ మూతకీ దీనికీ తేడా ఉంది: గడువులోగా కదిలినవాళ్లు తమ ఫాలోయర్లతో సహా వేరే సర్వర్‌కి వెళ్లగలిగారు.

ఆ కదలిక ఎలాగంటే, ముందు కొత్త సర్వర్‌లో ఖాతా తెరిచి, అకౌంట్ సెట్టింగ్స్‌లో పాత ఖాతా చిరునామాని అలియాస్‌గా (ఇదీ నాదే అని చెప్పే మారుపేరుగా) చేర్చాలి. తర్వాత పాత ఖాతాలోకి వెళ్లి, వేరే ఖాతాకి మారే చోట కొత్త చిరునామా, పాత పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఈ వరస తిరగబడితే పని జరగదు. ఎయిర్‌టెల్ నుంచి జియోకి మారితే నంబర్ అదే ఉంటుంది. ఇక్కడ నంబర్ మారుతుంది, మిమ్మల్ని సేవ్ చేసుకున్నవాళ్ల ఫోన్లన్నీ వాటంతటవే కొత్త నంబర్‌కి సర్దుకుంటాయి. మీరు ఫాలో అవుతున్నవాళ్ల జాబితా మాత్రం తనంతట తాను రాదు. ఎక్స్‌పోర్ట్‌లో సీఎస్‌వీ ఫైలు (ఆ జాబితా ఉన్న ఫైలు) దించుకుని కొత్తచోట ఇంపోర్ట్ చేయాలి. బ్లాకులు, మ్యూట్లు, బుక్‌మార్కులు, లిస్టులు కూడా అలాగే, దేని ఫైలు దానిదే. పాత పోస్టులు రావు, పాత ఖాతాలోనే ఉండిపోతాయి. వాటి ఆర్కైవ్‌ని (మొత్తం నకలుని) ఏడు రోజులకొకసారి అడిగి దించుకోవచ్చు. ఒకసారి మారాక మళ్లీ మారాలంటే 30 రోజులు ఆగాలి.

ఇదంతా పాత సర్వర్ బతికుంటేనే. ఒకరోజు హఠాత్తుగా అది తెరుచుకోకపోతే ఫాలోయర్లను కదిపే వీలుండదు. అందుకే సీఎస్‌వీ ఫైళ్లు అప్పుడప్పుడూ దించి ఉంచుకోవాలి. రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు.

గోప్యత విషయంలో గట్టిగా చెప్పాల్సినవి రెండు. ‘ప్రైవేట్ మెన్షన్’ అనేది వాట్సాప్ మెసేజ్ లాంటిది కాదు. దానికి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. పంపినవాళ్ల సర్వర్ నడిపేవాళ్లూ, అందుకున్నవాళ్ల సర్వర్ నడిపేవాళ్లూ తలుచుకుంటే చదవగలరు. ఇంకా ప్రమాదం ఏంటంటే, ఇద్దరి మధ్య మాటల్లో మూడో మనిషి చిరునామాని యాట్ (@) గుర్తుతో సహా రాస్తే ఆ సందేశం వాళ్లకీ వెళ్లిపోతుంది. ఎవరి గురించైనా రాయాలంటే ఆ గుర్తు లేకుండా రాయండి. రెండోది, డిలీట్. మీ సర్వర్‌లో పోస్టు పోతుంది, మిగతా సర్వర్లకు తీసేయమని కబురు వెళ్తుంది. అవి తీసేస్తాయన్న హామీ లేదు. ఆధార్, ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్ లాంటివి ఇక్కడ అసలు పెట్టొద్దు.

కొత్తవాళ్లను కంగారు పెట్టే ఇంకో సంగతి: వేరే సర్వర్‌లోని మనిషి ప్రొఫైల్ తెరిస్తే రెండు మూడు పోస్టులే కనబడొచ్చు, అసలు పేజీలో వందలున్నా సరే. మీ సర్వర్‌లో అంతకుముందు ఆయన్ని ఎవరూ ఫాలో కాకపోతే ఆ పోస్టులు ఇక్కడికి చేరలేదన్నమాట. జవాబుల సంఖ్య కూడా అలాగే తేడాగా ఉండొచ్చు. ప్రొఫైల్ మెనూలోంచి ఒరిజినల్ పేజీ తెరిస్తే అన్నీ ఉంటాయి. సర్వర్ ఎంత చిన్నదైతే ఈ బెడద అంత ఎక్కువ. ఫాలో అయిన ట్యాగుల్లో కూడా మీ సర్వర్‌దాకా వచ్చిన పోస్టులే కనబడతాయి.

హైదరాబాద్ దగ్గరికొద్దాం. వాన పడ్డ సాయంత్రం లక్డీకాపూల్‌లో నీళ్లు నిలిచాయా, ఖైరతాబాద్ దారి కదులుతోందా అని తెలియాలంటే ట్రాఫిక్ పోలీసుల ఎక్స్ ఖాతానే చూడాలి. జీహెచ్‌ఎంసీ, మెట్రో, టీజీఎస్‌ఆర్టీసీ, కరెంటు ఆఫీసు, అన్నీ అక్కడే పలుకుతాయి. గుంతల ఫొటో పెట్టి ట్యాగ్ చేస్తే జవాబొచ్చే చోటు కూడా అదే. మాస్టడాన్‌లో ఆ ఫొటో పెడితే సానుభూతి దొరుకుతుంది, గుంత పూడదు. లాగిన్ లేకుండా ఎక్స్‌లో తాజా పోస్టులు వరసగా చూడటం 2023 నుంచి కుదరడం లేదు కాబట్టి అక్కడి ఖాతా మూసేయకండి. ఫోన్‌లోంచి యాప్ తీసేసి, బ్రౌజర్‌లో ఈ ఖాతాలతో ఒక లిస్టు చేసుకుని పని పడ్డప్పుడు తెరిస్తే సరిపోతుంది. ప్రభుత్వ శాఖలు బహిరంగ ప్రమాణం మీద నడిచే చోట కూడా ఇవే సమాచారాలు పెట్టాలని అడిగే హక్కు మనకుంది. వరద హెచ్చరిక చదవడానికి పౌరుడు ఒక ప్రైవేటు కంపెనీలో లాగిన్ కావాల్సి రావడం సరైన ఏర్పాటు కాదు.

ఎక్స్ లాంటి ఇంకో వేదిక బ్లూస్కైలో ఉన్న మిత్రుల కోసం మాస్టడాన్ వదలక్కర్లేదు. రెండింటి ప్రోటోకాల్స్ (సర్వర్లు మాట్లాడుకునే భాషలు) వేరైనా బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన ఉంది. దాని ఖాతాని ఫాలో అయితే మీ పోస్టులు అటువైపు కనబడతాయి. మెటా కంపెనీ థ్రెడ్స్‌లో ఫెడివర్స్ షేరింగ్ (యాక్టివిటీపబ్ సర్వర్లన్నింటికీ పోస్టులు పంపే సెట్టింగ్) ఆన్ చేసుకున్నవాళ్లను కూడా ఇక్కడినుంచి ఫాలో కావచ్చు, మీ సర్వర్ థ్రెడ్స్‌ని బ్లాక్ చేయకపోతే. యాప్‌లలో ఆండ్రాయిడ్‌కి టస్కీ, ఐఫోన్‌కి ఐస్ క్యూబ్స్, కంప్యూటర్ మీద ఫ్యాన్‌పీ బాగున్నాయి.

ఇరవై ముప్పై మంది ఉన్న బృందం, చదువరుల సంఘమో సైకిల్ బృందమో, సొంత సర్వర్ పెట్టుకోవాలనుకుంటే లెక్క ఇదీ. మాస్టడాన్‌కి 4 జీబీ మెమరీ ఉన్న వీపీఎస్ (హోస్టింగ్ కంపెనీ అద్దెకిచ్చే సర్వర్) తీసుకోవాలి. కంపెనీని బట్టి నెలకు సుమారు 500 నుంచి 2,000 రూపాయలు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద పెట్టాలనుకోవద్దు, చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు నేరుగా చేరగల నెట్ చిరునామా) ఉండదు, కరెంటు పోతే సర్వరూ పోతుంది. ఇద్దరు ముగ్గురికే అయితే మాస్టడాన్ బదులు గోటుసోషల్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ చాలు, అదీ యాక్టివిటీపబ్‌లోనే మాట్లాడుతుంది, కొన్ని వందల ఎంబీ మెమరీతో నడిచిపోతుంది. ఈమెయిల్ పంపడానికి విడిగా ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే) సేవ తీసుకోవాలి, చాలా వీపీఎస్‌లలో మెయిల్ నేరుగా బయటికెళ్లే దారి, 25వ పోర్టు, మూసి ఉంటుంది. కొత్తవాళ్లకు కన్ఫర్మేషన్ మెయిల్ రాలేదంటే ముందు అక్కడే చూడాలి.

డిస్క్ నిండిపోవడం అందరికీ ఎదురయ్యే సమస్య. మీవాళ్లు పెట్టిన ఫొటోలు కొంచెమే, బయటి సర్వర్లనుంచి వచ్చిన ఫొటోల నకళ్లు కొండంత. అడ్మిన్ సెట్టింగ్స్‌లో కంటెంట్ రిటెన్షన్ కింద మీడియా క్యాష్ గడువుని 7 రోజులుగా పెడితే అదుపులో ఉంటుంది. దాని పక్కనే కంటెంట్ క్యాష్ అని ఇంకో గడి ఉంటుంది. దాని జోలికి వెళ్లొద్దు. అందులో అంకె వేస్తే బయటి పోస్టులు, మీవాళ్లు బుక్‌మార్క్ చేసుకున్నవాటితో సహా, తుడిచిపెట్టుకుపోతాయి. పోస్టులు ఆలస్యంగా చేరుతుంటే సర్వర్ వెనక పనులు చేసే సైడ్‌కిక్ దగ్గర క్యూ ఎంత పేరుకుందో చూడాలి. డొమైన్ పేరు (సర్వర్ వెబ్ చిరునామా) బాగా ఆలోచించి పెట్టాలి, ఒకసారి సర్వర్ మొదలయ్యాక దాన్ని మార్చే వీల్లేదు.

సాంకేతిక లోపం కంటే బిల్లు కట్టకపోవడం వల్ల సర్వర్ పోయే ప్రమాదమే ఎక్కువ. 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆటోపే నిబంధనల వల్ల విదేశీ హోస్టింగ్ కంపెనీలకు మన కార్డులనుంచి నెలనెలా దానంతటదే కట్ కావడం చాలాసార్లు ఫెయిలవుతుంది. కంపెనీ ఒక మెయిల్ పంపుతుంది, అది ఎవరి ఇన్‌బాక్స్‌లోనో పడి ఉంటుంది. కాబట్టి వీపీఎస్‌కి ముందుగానే కొంత క్రెడిట్ వేసి ఉంచండి, డొమైన్‌ని ఒకేసారి ఐదేళ్లకు కట్టేయండి, లాగిన్లు ఇద్దరి చేతిలో ఉంచండి, బిల్లింగ్ మెయిల్ బృందమంతటికీ వెళ్లే చిరునామాకి పెట్టండి.