కేజీహెచ్ డౌన్‌లో యూరిన్ కల్చర్: ప్లేటు దగ్గర పనితనం ఉంది, డబ్బా దగ్గర లేదు

మూత్రంలో మంట అనగానే మందుల షాపుకెళ్లి సెఫిక్సిమ్ నాలుగు మాత్రలు కత్తిరించి తెచ్చుకోవడం విశాఖలో మామూలైపోయింది. ఆ యాంటీబయాటిక్ షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితాలో ఉంది. 2014 మార్చి నుంచి డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మిన వివరం రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలి. ఈ అలవాటును ఆపగలిగేది సరిగా చేసిన కల్చర్, అంటే మూత్రంలోని క్రిములను ప్లేటు మీద పెంచి, అవి ఏ మందుకు లొంగుతాయో చూసే పరీక్ష. అందుకే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) దిగువన ఉన్న కేజీహెచ్ డౌన్‌లోని ఒక లాబ్‌లో ఆ పరీక్ష ఎలా చేస్తున్నారో వివరంగా రాస్తున్నాం. లాబ్ పేరు రాయడం లేదు.

కౌంటర్లో మొదట అడిగే ప్రశ్న సరైనదే: "యాంటీబయాటిక్ ఏదైనా మొదలుపెట్టారా?" జవాబును ఫారం మీద రాస్తారు కూడా. ఒక్క డోసు పడినా ప్లేటు మీద ఏమీ మొలవకపోవచ్చు, లోపల ఇన్‌ఫెక్షన్ మాత్రం అలాగే ఉంటుంది. ఆ తర్వాతే తడబాటు. సీలు వేసిన స్టెరైల్ డబ్బా చేతికిచ్చి "సగం పట్టండి" అని ఊరుకుంటారు. అసలు చెప్పవలసింది ఇది: చేతులు కడుక్కోవాలి, ఆ భాగాన్ని మంచినీళ్లతో కడగాలి, ఆడవాళ్లు ముందు నుంచి వెనక్కి కడగాలి. డెట్టాల్ లాంటివి వద్దు, అవి డబ్బాలో పడితే క్రిములు చస్తాయి. మొదటి ధార వదిలేసి, మధ్య ధార 10–20 మిల్లీలీటర్లు పట్టి, మూత లోపలి వైపు వేలు తగలకుండా బిగించాలి. ఈ నాలుగు మాటలూ తెలుగులో రాసి బాత్రూం గోడకు అంటించినా సరిపోయేది. చెప్పకపోతే చర్మం మీది క్రిములు కలిసి "మిక్స్‌డ్ గ్రోత్" అని వస్తుంది. అలా వచ్చినప్పుడు ఈ లాబ్ డబ్బు తీసుకోకుండా రెండోసారి శాంపిల్ అడుగుతుంది. అది మంచి పద్ధతి.

పెద్ద లోపం ఈ లాబ్ కోసం శాంపిళ్లు తీసుకునే గాజువాక కలెక్షన్ సెంటర్‌ది. ఉదయం ఏడింటికి ఇచ్చిన డబ్బా పదకొండు దాకా టేబుల్ మీదే ఉంటుంది. ఆపైన బండి సంచిలో, ఐస్ ప్యాక్ లేకుండా, ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ప్రయాణం. మూత్రం మామూలు వేడిలో రెండు గంటలు దాటకూడదు. ఆలస్యమయ్యేట్టయితే 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లో 24 గంటల వరకు ఉంచొచ్చు. మూత్రంలో మంటకు ఎక్కువగా కారణమయ్యే ఇ. కొలై అనే క్రిమి అనువైన వేడిలో దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఏడు సార్లు రెట్టింపైతే 1,000 కాస్తా 1,28,000. మే నెల ఉక్కపోతలో సంచిలోని డబ్బా అనువైన వేడికి ఎంతో దూరంలో ఉండదు. రిపోర్టులో క్రిముల లెక్క మిల్లీలీటరుకు లక్ష దాటిందంటే చాలామంది డాక్టర్లు మందు రాస్తారు. ఆ లక్ష రోగి ఒంట్లో పుట్టిందా, ఎన్‌ఏడీ సిగ్నల్ దగ్గర పుట్టిందా అన్నది కాగితం మీద కనబడదు.

లోపలి బల్ల దగ్గర పని చక్కగా ఉంది. మిల్లీలీటరులో వెయ్యో వంతు పట్టే లూప్‌తో క్రిములు పెరిగే నీలి ఆకుపచ్చ పదార్థం పోసిన సీఎల్ఈడీ ప్లేటు మీద గీస్తారు. మర్నాటికి ఇ. కొలై ఉంటే కాలనీల (క్రిములు గుంపుగా పెరిగిన చుక్కల) చుట్టూ ప్లేటు పసుపుపచ్చగా మారుతుంది. ఒక్కో కాలనీ వెయ్యి కింద లెక్క, వంద కాలనీలంటే లక్ష. ఆ అంకెను రిపోర్టులో విడిగా వేస్తారు. తర్వాత ముల్లర్ హింటన్ అగర్ అనే మరో రకం ప్లేటు మీద క్రిములను పరిచి, మందు పట్టించిన చిన్న కాగితం బిళ్లలు పెట్టి, 16–18 గంటలయ్యాక చుట్టూ క్రిములు లేని వలయాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. కంటి అంచనాతో సరిపెట్టరు. మూడో రోజుకు రిపోర్టు చేతికొస్తుంది.

ఆ రిపోర్టు కూర్పు మాత్రం మార్చాలి. పెట్టిన ప్రతి బిళ్లనూ ఇంగ్లీషు అక్షరక్రమంలో అచ్చేస్తున్నారు. పైన అమికాసిన్ ఇంజెక్షన్, మధ్యలో చివరి అస్త్రంగా దాచుకోవలసిన మెరోపెనెమ్, అట్టడుగున నైట్రోఫ్యూరంటాయిన్. జ్వరం లేని మామూలు మంటకు ముందు చూడవలసింది ఆ అట్టడుగు మందునే. (జ్వరం, నడుము పక్క నొప్పి ఉంటే కిడ్నీ దాకా పోయిందేమో చూడాలి, అక్కడ నైట్రోఫ్యూరంటాయిన్ పనికిరాదు, కిడ్నీ కణజాలంలో చాలినంత చేరదు.) మామూలు మందులు పనిచేస్తున్నప్పుడు మెరోపెనెమ్ ఫలితాన్ని దాచి ఉంచడం మైక్రోబయాలజీలో తెలిసిన పద్ధతే. మరో చివరి అస్త్రమైన కొలిస్టిన్‌ను కూడా బిళ్లతోనే చూసి "సెన్సిటివ్" అని రాయడం ఇంకా పెద్ద తప్పు. ఆ అణువు పెద్దది, అగర్‌లో సరిగా పాకదు, ఆ వలయాన్ని నమ్మకూడదు.

క్యాథెటర్ (మూత్రం గొట్టం) ఉన్న పెద్దవాళ్ల శాంపిల్‌ను గొట్టానికి తగిలించిన మూత్రం సంచి నుంచి తెచ్చినా ఇక్కడ తీసుకుంటున్నారు. అది తిప్పి పంపాలి. గొట్టానికి ఉన్న పోర్టును స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి, అదీ జ్వరం లాంటి లక్షణం ఉంటేనే. క్యాథెటర్ పాతబడితే క్రిములు ఎలాగూ కనబడతాయి. లక్షణం లేనప్పుడు వాటికి మందు అక్కర్లేదు. గర్భిణులకు, మూత్రనాళం ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు మాత్రం లెక్క వేరు.

గాజువాక, మధురవాడ వాళ్లు కలెక్షన్ సెంటర్లో ఇవ్వకుండా పొద్దున్నే డౌన్‌కే వచ్చి, అక్కడి బాత్రూంలోనే పట్టి ఇవ్వడం మేలు. బాత్రూం శుభ్రంగా ఉంది, నీళ్లూ సబ్బూ ఉన్నాయి. డబ్బా పెట్టుకునేందుకు గోడకు ఒక చిన్న అర కావాలి. లేక చాలామంది మూతను నేల మీద పెడుతున్నారు.